చిలక నొసట బొట్టు

హైమావతి చేసిన తప్పల్లా ఒకటే. సర్వే కాగితంలో అన్ని గళ్లూ నింపింది.

గృహ వినోద శాఖవారు ఊరంతా పంచిన ఆ కాగితంలో అరవై నాలుగు ప్రశ్నలున్నాయి. తక్కినవాళ్లు పేరూ ఇంటి నంబరూ రాసి, మిగిలిన అరవై రెండు గళ్లకీ కలిపి ఏటవాలుగా ఒక గీత గీసి ఇచ్చేశారు. హైమావతికి గీత గీసే అలవాటు లేదు. కాకినాడలో బి.ఎస్సీ. ఫిజిక్సు చదివే రోజుల్లో ప్రాక్టికల్సు రికార్డు ఎలా రాసిందో, పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా పప్పు డబ్బాల మీద చీటీలూ అలాగే రాస్తోంది, కింద తేదీతో సహా. ‘తెరకును, ఆసనమునకును గల దూరము’ అన్నచోట టేపు పెట్టి కొలిచి ‘ఎనిమిది అడుగుల రెండు అంగుళాలు’ అని రాసింది. ‘వీక్షణమునకు అంతరాయము కలిగించు దోమల సంఖ్య’ అన్నచోట ‘ఇరవై మూడు దాకా లెక్కపెట్టాను. తర్వాత కరెంటు పోయింది’ అని రాసింది.

పదిహేను రోజులు తిరక్కుండా ఆ ఇంటిని శాఖవారు ‘సామాన్య నమూనా గృహము’గా ప్రకటించారు. జిల్లా మొత్తం మీద పూర్తిగా నిండిన కాగితం అదొక్కటేనట.

"ఇంకా నింపు," అన్నాడు భర్త చలపతి నోటీసు చదివి. "గీత గీసి పారెయ్ అని ఆ రోజే చెప్పేనా లేదా?"

"తెలిసిందాన్ని తెలియదని ఎలా గీసెయ్యను? అబద్ధం కాదూ?"

"గీత అబద్ధం ఎలా అవుద్దే? గీత గీతే!"

సంగతేమిటంటే, ‘ఇంటింటా తెర’ అని శాఖవారికి ఒక పథకం వచ్చింది. టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్టులోంచి సినిమాలూ సీరియళ్లూ దింపి చూపించే డబ్బాలు బజార్లో మూడు రకాలున్నాయి. గరుడ, మయూరి, చిలక. ఈ మూడింటినీ ఒక సామాన్యుడి ఇంట్లో పోల్చిచూసి, ఉత్తమమైనదాన్ని ఊరందరికీ అంటగట్టాలి. గరుడ అంటే ఇత్తడి పీటంత డబ్బా, దాని రిమోటుకి నలభై రెండు మీటలు. మయూరి రంగురంగుల దీపాలతో పెళ్లిపందిరిలా ఉంటుంది. చిలక స్నానం సబ్బంత ఉంటుంది. దానికి మూడే మీటలు.

ఆ చిలక హైమావతి ఇంట్లో రెండేళ్లుగా ఉంది. అత్తగారు మాణిక్యాంబకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఎడమచేతి బొటనవేలికి అందే రిమోటు కోసం హైమావతి మెయిన్‌రోడ్డులో దుకాణాలన్నీ తిరిగి, ఒక్కో రిమోటునీ ఎడమచేత్తో పట్టుకు చూసి, దీన్ని ఏరి తెచ్చింది. ఆ రోజు నుంచీ సాయంత్రం నాలుగు కొట్టేసరికి మాణిక్యాంబ మీట నొక్కుతుంది, తెర మీద పాత రంగస్థలం పద్యాలు మొదలవుతాయి. మంచినీళ్లు కావాలన్నా, దుప్పటి కప్పుకోవాలన్నా, కిటికీ రెక్క వెయ్యాలన్నా ఆవిడ కోడల్ని పిలవాలి. రోజు మొత్తంలో ఎవర్నీ పిలవకుండా ఆవిడ చేసుకునే పని ఆ నాలుగు గంటల పని ఒక్కటే. అందుకే ఆ వేళకి ఇంట్లో ఎవరూ రిమోటు ముట్టుకోరు. పడిపోతే తీసి అందించరు కూడా. గోడ పట్టుకుని దిగి, వంగి తీసుకోవడానికి ఆవిడకి పావుగంట పట్టినా సరే.

పరీక్ష రోజున శాఖ జాయింట్ డైరెక్టరు విద్యాధరరావు గారు వచ్చారు. వెనకాలే రిజిస్టరూ, కొబ్బరికాయా, పూలపొట్లం పట్టుకుని సీనియర్ అసిస్టెంటు గవర్రాజు. లిఫ్టు పనిచేయడం లేదు కాబట్టి మూడో అంతస్తుకి వచ్చేసరికి ఇద్దరిలో ఒక్కరికే మాట్లాడే శక్తి మిగిలింది. అది గవర్రాజుకి.

"పళ్లెం ఒకటి ఇప్పించండమ్మా. కాయ కొట్టాలండి," అన్నాడు.

"దేనికండీ?"

"ప్రభుత్వ కార్యమండి. ఆయ్, కొట్టకుండా మొదలెడితే ఆడిట్లో అడుగుతారండి."

మూడు డబ్బాలనీ టీవీ ముందు వరసగా పెట్టారు. చిలక కొత్తది దేనికి, ఇంట్లో ఉన్నది చాలన్నారు. విద్యాధరరావు గారు ఊపిరి కూడగట్టుకుని, గంధం కలిపించి, ఉంగరపు వేలితో ఒక్కో డబ్బాకీ నొసట ఇంత గంధం మెత్తి, దాని మీద అర్ధరూపాయంత కుంకుమబొట్టు పెట్టారు. గరుడ నొసలు విశాలం కాబట్టి బొట్టు ఓ మూలకి పోయింది. చిలకకి ఉన్న నొసలంతా చిన్న నల్లటి అద్దం. రిమోటు చెప్పేది అది వినేది ఆ అద్దంలోంచే. బొట్టు సరిగ్గా అక్కడ పడింది.

గరుడ రిమోటు నొక్కారు. అది కాసేపాలోచించి, పెట్టమన్న పాట కాకుండా చేపల చెరువుల మీద కార్యక్రమం పెట్టింది.

"స్పందన ఉన్నది," అన్నారు విద్యాధరరావు గారు.

"సార్, అడిగింది పాటండి…" అన్నాడు గవర్రాజు.

"అడిగినది వచ్చినదా లేదా అన్న గడి నమూనాలో లేదు. స్పందన ఉన్నదా లేదా అన్నదే గడి. రాయుము."

మయూరి దీపాలన్నీ వెలిగించి, ‘నన్ను నేను సరిచేసుకుంటున్నాను, దయచేసి వేచి ఉండండి, రెండు శాతం’ అంది. "పురోగతిలో ఉన్నది" అని రాశారు.

చిలక పలకలేదు. ఇంకోసారి నొక్కారు. పలకలేదు. విద్యాధరరావు గారు లేచి నిలబడి నొక్కారు, దగ్గరకెళ్లి నొక్కారు, చెయ్యి పైకెత్తి నొక్కారు.

"స్పందన శూన్యము."

"అదేవిటి?" అంది మంచం మీంచి మాణిక్యాంబ. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ పదును తగ్గలేదు. "నిన్న బానే పలికిందే. కొత్తవాళ్లని చూసి సిగ్గుపడ్డానికి అదేవన్నా పెళ్లికూతురా?"

హైమావతి ముందుకొచ్చింది. "ఏం లేదండీ, రిమోటులోంచి వచ్చేది కంటికి కనపడని వెలుతురు. అద్దం మీద గంధం ఉంది కదా, లోపలికి వెళ్లడం లేదు. బొట్టు కాస్త పక్కకి…"

గవర్రాజు రిజిస్టరులోకి తల ఇంకా లోపలికి పెట్టాడు.

"అమ్మా," అన్నారు విద్యాధరరావు గారు చాలా శాంతంగా, "పూజాకార్యక్రమము వలన పరికరము పాడైనదని మీ అభిప్రాయమా? అదియే ఫైలులో వ్రాయమంటారా? శాఖాధికారి పెట్టిన బొట్టు వలన అని?"

"పాడవలేదండీ, అడ్డం పడింది అంతే." హైమావతి తడిగుడ్డతో అద్దం తుడిచి, మీట నొక్కింది. తెర నిండా కిరీటం పెట్టుకున్న పాత్రధారి ప్రత్యక్షమై రాగం లంకించుకున్నాడు.

విద్యాధరరావు గారు వాచీ చూసుకున్నారు. "పరీక్షా సమయము పదకొండున్నరతో ముగిసినది. ఇప్పుడు పదకొండూ ముప్పై రెండు. ముగిసిన తర్వాత పనిచేయుట పరీక్షలోకి రాదు."

వెళ్తూ వెళ్తూ గవర్రాజు గుమ్మం దగ్గర ఆగాడు. "మరేనండి. బొట్టు సంగతి నాకూ తెల్సండి," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ పై అధికారి పెట్టిన బొట్టు తుడిచే అధికారం సీనియర్ అసిస్టెంటుకి లేదండి."

మయూరిని తీసుకెళ్లడానికి వీల్లేకపోయింది. పురోగతిలో ఉన్నదాన్ని మధ్యలో ఆపకూడదట. దాన్ని హైమావతి ఇంట్లోనే వదిలేశారు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

దసరా ఇంకా ఏడాది దూరంలో ఉండగా గరుడ ఊరంతా వచ్చేసింది. ఏ కార్డు కావాలన్నా ముందు గరుడ ఉన్నట్టు రసీదు చూపించాలన్నారు. వచ్చిన రెండు నెలలకి మొదటి విడత గరుడలు కళ్లు తేలేశాయి. శాఖవారు కంగారు పడలేదు. సగం ధరకి కొత్త గరుడ కొనుక్కోవచ్చని ప్రకటించారు. జనం కొన్నారు. అవీ రెండు నెలలకి చచ్చాయి. మళ్లీ కొన్నారు. ప్రతి కొనుగోలూ అమ్మకాల పట్టికలో ఎక్కింది. ఊళ్లో ఇళ్లు అన్నే ఉన్నాయి, గరుడలు మాత్రం మూడింతలయ్యాయి. ‘విజయఢంకా మ్రోగించిన గరుడ’ అని కూడళ్లలో ఫ్లెక్సీలు వెలిశాయి.

హైమావతి ఎదురింటి లోవలక్ష్మి దగ్గర ఆరు గరుడలు పోగయ్యాయి. ఒకదాని మీద కరివేపాకు కుండీ, రెండింటి మీద ఇస్త్రీ బల్ల, ఒకటి ఆవకాయ జాడీ మూత మీద బరువు. రిమోటులు మాత్రం పాడైపోకుండా ఆరింటికీ ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరుబ్యాండు వేసి దాచుకుంది.

"పని చెయ్యనివాటికి కవర్లు దేనికే?" అని హైమావతి అడిగింది.

"అయ్యో, కొత్తవి కదా వదినా! ఒక్క మీటా అరగలేదు."

ఊళ్లో అందరికంటే ఎక్కువ గరుడలు కొన్నందుకు లోవలక్ష్మికి శాఖవారు ‘ఉత్తమ వినియోగదారు’ బిరుదిచ్చి, టౌన్‌హాల్లో శాలువా కప్పారు. ఆవిడ శాలువాతోనే తిన్నగా హైమావతి ఇంటికొచ్చి, మాణిక్యాంబ పక్కన కూలబడి, "పెద్దమ్మగారూ, ఆ చిలక కాస్త పెట్టండి. బొమ్మ కదిలి చూసి నెల్లాళ్లయింది," అంది.

"నాలుగవ్వనీ," అంది మాణిక్యాంబ.

ఇలా రోజులు గడుస్తుండగా, దసరాకి వారం ముందు పదకొండు పేజీల ఉత్తర్వు వచ్చింది. ‘తులనాత్మక పరిశీలనలో విఫలమైన చిలక అను పరికరము కొన్ని గృహములలో ఇంకను పనిచేయుచున్నట్లు శాఖ దృష్టికి వచ్చినది. విఫలమైన పరికరము పనిచేయుట, విజయము సాధించిన పరికరమునకు అప్రతిష్ఠ. కావున సదరు పరికరములను తక్షణము స్వాధీనము చేసుకొనవలయును.’

చలపతి మొదటి పేజీ చదివి తల పట్టుకున్నాడు. హైమావతి కళ్లద్దాలు పెట్టుకుని పదకొండు పేజీలూ చదివింది. తర్వాత చీర మార్చుకుని శాఖ ఆఫీసుకి వెళ్లింది.

విద్యాధరరావు గారి గదిలో గోడ నిండా గరుడ అమ్మకాల గ్రాఫు ఉంది. ఎర్రగీత గోడ అంచుదాకా పాకి, అక్కడ చోటు చాలక సీలింగు మీదికి మళ్లింది. గవర్రాజు నిచ్చెనెక్కి, తల వెనక్కి వాల్చి, ఫ్యాను రెక్కలు తప్పించుకుంటూ ఈ నెల గీత గీస్తున్నాడు.

"కూర్చోండమ్మా. గాలి లేదు. అంకెలు ఫ్యానును దాటేవరకు ఫ్యాను వేయరాదు," అన్నారు విద్యాధరరావు గారు.

"మా చిలక గురించండీ. మూడేళ్లుగా ఒక్కరోజు పాడవలేదు. మా అత్తగారికి…"

"అదే దాని వైఫల్యము! మూడేళ్లలో మీరు చిలకలు ఎన్ని కొన్నారు?"

"ఒక్కటేనండి."

"చూచితిరా? రెండవది కొనలేదు. ఎదురింటావిడ ఆరు గరుడలు కొన్నది. సంతృప్తి ఎవరికి ఎక్కువ?"

"పాడయ్యాయి కాబట్టి కొందండి. మాది పాడవలేదు, మళ్లీ ఎందుకు కొంటాం?"

"పాడు కాని వస్తువునకు బజారు ఎక్కడిదమ్మా?" విద్యాధరరావు గారి గొంతులో నిజమైన జాలి ధ్వనించింది. "ఆ కంపెనీవారు మూతబెట్టుకున్నారు, తెలుసునా? పాపము, మంచివారే. వస్తువును సరిగా చేసినారు."

నిచ్చెన మీంచి గవర్రాజు దగ్గాడు. దగ్గో నవ్వో తెలియలేదు.

హైమావతి ఉత్తర్వు తెరిచింది. "తొమ్మిదో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒకటుందండి. ‘పనిచేయని స్థితిలోనున్న విఫల పరికరములు యజమాని వద్దనే ఉండవచ్చును.’ అంటే ఏమిటండీ?"

విద్యాధరరావు గారు ఆ పేజీని మొదటిసారి చూస్తున్నవాడిలా చూశారు. "అనగా… పనిచేయనిచో వైఫల్యము ఋజువైనట్లే. శాఖ మాట నిలిచినట్లే. ధ్రువపత్రము ఇచ్చి వదిలివేయుదుము. ఆ పైన మా గోడౌనులో స్థలము కూడా లేదు."

"అందులో ఏమున్నాయండీ?"

"గరుడలు," అంది పైనుంచి గవర్రాజు గొంతు.

"మీరు స్వయంగా నొక్కి చూసి రాస్తారాండి?"

"నేనే వచ్చి నొక్కెదను. విజయదశమి మర్నాడు, మధ్యాహ్నము మూడున్నరకు."

"విజయదశమి మర్నాడు," అని హైమావతి మెల్లిగా అనుకుంది. చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని లేచింది.

విజయదశమి సాయంత్రం ఆయుధపూజలో ఆ ఇంట్లో బొట్టు పడని వస్తువు లేదు. మిక్సీకి, గ్యాసుపొయ్యికి, కుట్టుమిషనుకి, చలపతి స్కూటరుకి, పచ్చడి రోలుకి, చివరికి అలారం గడియారానికీ గంధం కుంకుమ పెట్టింది హైమావతి. మయూరికి కూడా పెట్టింది. అది అరవై మూడు శాతం దగ్గర ఉంది. అన్నిటికంటే ఆఖర్న చిలక ముందు కూర్చుంది. గంధంలో ముంచిన వేలు గాలిలోనే ఆగిపోయింది.

"పెట్టు," అంది మాణిక్యాంబ మంచం మీంచి. "నీ పూజ నువ్వు చేసుకుంటే అబద్ధమెందుకవుద్దే? ఆ పెద్దమనిషి పెట్టినచోటే పెట్టు. ఆనవాయితీ."

హైమావతి పెట్టింది. ప్రాక్టికల్సు పరీక్షలో కటకం అమర్చినంత జాగ్రత్తగా, సరిగ్గా నల్లటి అద్దం మధ్యలో.

మర్నాడు మూడున్నరకి అనుకున్నది, విద్యాధరరావు గారు మెట్లెక్కి ఊపిరి పీల్చుకునేసరికి నాలుగుకి పావుగంటే ఉంది. ఇంట్లో అడుగుపెట్టగానే స్కూటరు తాళాల దగ్గర్నుంచి టీవీ దాకా బొట్లు చూసి ఆయన ముఖం వికసించింది. చెప్పులు విడిచి, చిలకకి చేతులు జోడించి కళ్లకద్దుకున్నారు.

"సంప్రదాయమున్న గృహము. ఏదీ, రిమోటు."

ఆయన నొక్కారు. తెర నల్లగానే ఉంది. లేచి నిలబడి నొక్కారు. చెయ్యి పైకెత్తి నొక్కారు. గవర్రాజు చూపు ఎర్రటి బొట్టు మీద ఆగి, అక్కణ్నుంచి హైమావతి ముఖం మీదికి వచ్చి, మళ్లీ రిజిస్టరులోకి దిగింది.

"పనిచేయుట లేదు. అంతే కదమ్మా?"

"మీరే నొక్కి చూశారు కదండీ," అంది హైమావతి.

"ఆనాడే చెప్పితిని! రాయుము గవర్రాజు. వైఫల్యము ఋజువైనది. ఇదిగోనమ్మా, ధ్రువపత్రము. ఇక్కడ మీ సంతకము. ఆ పైన ‘పనిచేయకపోవుటకు కారణము’ అన్న గడిని యజమానియే నింపవలయును."

హైమావతి కలం తీసుకుంది. గడి పెద్దదే, నాలుగు పంక్తులు పడుతుంది. కారణం ఆవిడకి తెలుసు, రెండు మాటల్లో రాయొచ్చు. చలపతి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మంచం మీద మాణిక్యాంబ ఎడమచెయ్యి దుప్పటి మీద బొటనవేలిని మడుస్తూ తీస్తూ ఉంది. గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

హైమావతి కలం ఆ మూల పెట్టి ఈ మూల దాకా, ఏటవాలుగా, ఒక గీత గీసింది. కింద సంతకం పెట్టి తేదీ వేసింది.

వాళ్లని సాగనంపి మెట్ల దగ్గర నిలబడింది. విద్యాధరరావు గారు ఒక్కో మెట్టూ ఆచితూచి దిగుతున్నారు. రెండో అంతస్తు మలుపు కూడా తిరగలేదు, వెనకాల ఇంట్లో గడియారం నాలుగు కొట్టింది.

నాలుగంటే నాలుగే. మాణిక్యాంబ ఎవరికోసమూ ఆగే మనిషి కాదు.

పద్యం అందుకుంది. తలుపు తెరిచే ఉంది, రాగం మెట్లమీదుగా గలగలా కిందికి దొర్లింది.

కింద అడుగుల చప్పుడు ఆగింది.

"గవర్రాజు, ఏమిటా శబ్దము?"

రాగం తారస్థాయికి పోయి అక్కడే నిలబడింది.

"గరుడ అయ్యుంటుందండి," అన్నాడు గవర్రాజు. "ఎదురింటావిడ ఉత్తమ వినియోగదారండి."

"వింటివా, ఎంత స్పష్టముగా ఉన్నదో! ఇంత స్పష్టత ఇంకొక దానికి ఉన్నదా? రాసుకొనుము."

"ఆయ్, రాసుకున్నానండి. పై ఏడాది తనిఖీ కూడా దసరా మర్నాడే పెట్టించమంటారాండి?"

"అవశ్యము!"

అడుగులు మళ్లీ కదిలాయి. హైమావతి లోపలికొచ్చి తలుపు వేసింది. చిలక అద్దం నిగనిగలాడుతోంది. మంచం అంచున మాణిక్యాంబ కూర్చుని ఉంది. ఎనిమిదడుగుల దూరం గోడ పట్టుకుని వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చినందుకు రొప్పుతోంది. ఎడమ బొటనవేలు ఎర్రగా ఉంది.

"పిలిస్తే తుడిచేదాన్ని కదత్తయ్యా."

"నాలుగింటి పని నాది," అంది మాణిక్యాంబ. "ఇలా వంగు."

హైమావతి వంగింది. అత్తగారు ఆ వేలితోనే కుంకుమ కోడలి నొసట అద్దింది. బొట్టు కొంచెం పక్కకి పోయింది.

"పోన్లే, నువ్వు వినడానికి అడ్డం లేదు. కూచో," అంది.